మెత్తని నోరు

జూన్‌లో ఆర్క్‌నీ దీవుల్లో చీకటి పడదు,
గుమ్మందాకా వచ్చి
చెప్పులు విప్పకుండానే వెళ్లిపోతుంది.
రాత్రి పదిన్నరకి ఫెర్రీ డ్యూటీ దిగి
టిబ్బీ మెడకు తాడు తగిలించి
గులకరాళ్ల ఒడ్డుకు నడిచాను.
చేతులకు ఇంకా డీజిల్ వాసన.
టిబ్బీకి అదే నా పేరు.

సీల్స్ బండల మీద
తడి గోనెసంచుల్లా పడి ఉన్నాయి.
ఒకటి తలెత్తి, మమ్మల్ని లెక్కపెట్టి,
ఇద్దరే కదా అన్నట్టు మళ్లీ వాల్చేసింది.
దాని పక్కన వారం కూన ఆవలించింది,
లోకమంతా పాలే అన్నంత నమ్మకంగా.

టెర్న్ పక్షులకు మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు.
సూదుల్లా నెత్తిమీదికి దిగుతాయి.
కర్ర ఒకటి తలకన్నా ఎత్తుగా పట్టుకోవాలి,
పొడిచేది ఎత్తయినదాన్నే గనక.
ఎర్లెండ్ తాత నేర్పిన చిట్కా ఇది.

తాడు రెండు మీటర్లు.
ఇదివరకు ఉండేది కాదు.

నిరుడు, ఇదే వారం,
పొగమంచులో ఎవరు చూడొచ్చారని
"కాసేపే" అంటూ వదిలాను.
కాసేపంటే ఎంతో
కుక్కకూ తెలీదు, నాకూ తెలీదు.
తిరిగొచ్చి నా బూట్ల ముందు
టెర్న్ కూనను పెట్టింది.
పెట్టింది, పడేయలేదు.
పంటిగాటు లేదు. నూగు మీద ఉమ్మి, అంతే.
తోక ఊపుతోంది, మెచ్చుకోమని.
కూన గుండె నా అరచేతిలో
కుట్టుమిషన్‌లా గబగబా ఆడి
దారం అయిపోయినట్టు ఆగింది.
తిట్టలేదు నేను. ఎలా తిట్టను?
తెచ్చివ్వడం నేర్పింది నేనే,
బంతితో, బిస్కెట్లతో, రెండు చలికాలాలు.

ఎర్లెండ్ తాత గూళ్లు లెక్కపెడతాడు,
ముప్పై ఏళ్లుగా, ఎవరూ అడక్కపోయినా.
మర్నాడు పుస్తకంలో రాసుకున్నాడు:
"కూన ఒకటి తక్కువ. గల్ పక్షి పని."
పక్కనే ఉన్నాను.
పెన్సిల్ మొన విరిగితే చాకు అందించాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు.
పోయి ఎవరింట్లో కూర్చుంటుందో చెప్పరు.
ఆనాటి నుంచి
ఫెర్రీ వెనకాల అరుచుకుంటూ వచ్చే గల్ పక్షులకు
నా రొట్టెలో సగం విసురుతున్నాను.
తోటివాళ్లు నవ్వుతారు.

ఇవాళ నాచు గీత దాటామో లేదో
మెడలో నల్లపట్టెడ పెట్టుకున్న ఉల్లంకి పిట్ట
మా ముందు కూలబడింది.
ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ,
కీచుమంటూ, పడుతూ, లేస్తూ, ఆగి
వస్తున్నామా అని ఓరగా చూస్తూ.

ఈ నాటకం నాకు తెలుసు.
గుడ్లు ఇక్కడే ఎక్కడో ఉన్నాయి,
బూటంత దూరంలో, రాళ్లలో రాళ్లుగా.
టిబ్బీ ఒళ్లంతా ముక్కయింది.
తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను.

వెనక్కి తిరిగిపోవచ్చు.
కానీ అంత కష్టపడి కుంటుతున్నదాన్ని
సగంలో వదిలేసి పోవడం మర్యాద అనిపించలేదు.
మోసపోయాను.
పిట్ట రమ్మన్న దిక్కుకే,
కుక్క నన్ను లాగుతూ, నేను కుక్కను లాగుతూ,
ఇదిగో దొరికేస్తోంది అన్నంత ఆశ మొహాన పులుముకుని
యాభై గజాలు.
అక్కడ రెక్క బాగైపోయింది.
ఎగిరి, నీళ్ల మీదుగా చుట్టు తిరిగి
మా వంక చూడనైనా చూడలేదు.

గేటు దగ్గర ఎర్లెండ్ తాత
బైనాక్యులర్స్ సంచిలో పెట్టుకుంటున్నాడు.
"బాగా కుంటారు" అన్నాడు.
"పిట్టలా?" అన్నాను.
జవాబు లేదు. పుస్తకం తీసి
నాలుగు గుడ్లు, నాలుగూ ఉన్నాయి అని రాశాడు.

"నిరుడు…" అన్నాను.
"నిరుటి పుస్తకం ఇంట్లో ఉంది" అన్నాడు.

కోటు జేబులోంచి బిస్కెట్ తీసి
కిందికి చాపాడు.
టిబ్బీ అందుకుంది,
ఆ ముసలి వేళ్లకు పన్ను తగలకుండా,
అదే నోటితో.